గోడ, పోటు: ధమని చీలికకు కారణం వెతికిన చరిత్ర

1896లో వైద్యశాస్త్రంలో ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కనిపించే రెండు పనులు జరిగాయి. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో షిపియోనె రివా-రొచ్చి అనే వైద్యుడు దండచేతికి గాలిపట్టీ చుట్టి, పాదరసం ఎత్తును బట్టి రక్తపోటు కొలిచే సాధనాన్ని వివరించాడు. అదే ఏడు పారిస్‌లో పిల్లల వైద్యుడు ఆంత్వాన్ మార్ఫాన్ గాబ్రియేల్ అనే అయిదేళ్ల బాలికను తోటి వైద్యులకు పరిచయం చేసి, అసాధారణంగా పొడుగు సాగిన ఆమె కాళ్లూ చేతులూ వేళ్లూ చూపించాడు. రక్తం ఎంత బలంగా తోస్తోందో మొదటి పని చెప్పగలదు. శరీరాన్ని కట్టి ఉంచే కణజాలం పుట్టుకతోనే బలహీనమైతే ఏమవుతుందో చెప్పడానికి రెండోది తొలి మెట్టు. గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని పొరలు విడిపోయి మనిషి హఠాత్తుగా ఎందుకు చనిపోతాడన్న ప్రశ్నకు కావలసిన రెండు సగాలూ ఆ ఒక్క ఏడాదిలోనే మొలకెత్తాయి. వాటిని కలిపి చూడడానికి మాత్రం ఇంకో డెబ్బై ఏళ్లు పట్టింది. ఇంత ఆలస్యానికి వైద్యుల తెలివితక్కువతనం కారణం కాదు. ఏ కాలంలో ఏ సాధనం చేతికి వస్తే ఆ సాధనానికి కనిపించిన దాన్నే అసలు కారణమని నమ్మడం దీనికి మూలం. ధమని చీలికకు ఒంటరి కారణం లేదు. గోడ బలానికీ రక్తం పోటుకీ మధ్య లెక్క తప్పినచోట అది పుడుతుంది. బృహద్ధమనికీ మెదడు ధమనులకూ కూడా ఇదే వర్తిస్తుందని గత రెండున్నర శతాబ్దాల చరిత్ర చెబుతోందని నా వాదన.

ముందు రోగమేమిటో స్పష్టంగా చూడాలి. ధమని గోడకు మూడు పొరలుంటాయి. రక్తాన్ని తాకే లోపొర చాలా పలుచన. అసలు బలం మధ్యపొరది. సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే ఎలాస్టిన్ నారలు, హద్దు దాటి సాగకుండా పట్టి ఉంచే కొల్లాజెన్ నారలు, వాటి నడుమ మృదు కండర కణాలు అందులో వరుసలు వరుసలుగా ఉంటాయి. వీటన్నిటికీ బయటి పొర కవచం. మామూలు అన్యూరిజంలో గోడ మొత్తం పలచబడి ఉబ్బుతుంది. మనం చెప్పుకుంటున్న రోగంలో లోపొర చిరిగి, రక్తం మధ్యపొరలోకి చొరబడి, గోడను రెండుగా విడదీసుకుంటూ ముందుకు పోతుంది. అప్పుడు ఒకే ధమనిలో రెండు దారులు ఏర్పడతాయి. అసలు దారి నొక్కుకుపోతే మెదడుకో, మూత్రపిండాలకో, కాళ్లకో రక్తం ఆగిపోతుంది. కొత్త దారి బయటికి పగిలితే గుండె చుట్టూ ఉన్న సంచీ రక్తంతో నిండి గుండె కొట్టుకోలేని స్థితి వస్తుంది. రోగికి తెలిసేది ఛాతీలోనో వీపులోనో ఒక్క ఉదుటున, మొదటి క్షణం నుంచే భరించలేనంతగా వచ్చే నొప్పి. గుండెకు ఆనుకుని ఉన్న భాగంలో చీలిక పడి చికిత్స అందకపోతే, తొలి రెండు రోజుల్లో గంట గంటకూ ఒకటి రెండు శాతం మంది రోగులు మరణిస్తారని వైద్యులు చాలాకాలంగా వేసుకుంటున్న అంచనా.

ఈ రోగానికి సంబంధించిన తొలి స్పష్టమైన నమోదు ఒక రాజు శవపరీక్షలో దొరుకుతుంది. 1760 అక్టోబరు 25 ఉదయం బ్రిటన్ రాజు రెండో జార్జ్ కెన్సింగ్టన్ ప్యాలెస్‌లో మరుగుగదికి వెళ్లి అక్కడే కుప్పకూలాడు. అప్పటికి ఆయన వయసు 76. శవాన్ని పరీక్షించిన రాజవైద్యుడు ఫ్రాంక్ నికల్స్, తాను చూసినదాన్ని రాయల్ సొసైటీకి ఉత్తరంగా రాశాడు. గుండె సంచీలో దాదాపు ఒక పైంటు గడ్డకట్టిన రక్తం ఉంది. బృహద్ధమని లోపలి వైపు అంగుళంన్నర పొడవున అడ్డంగా చీలిక ఉంది. ఆ చీలిక గుండా రక్తం బయటి పొర కిందికి చేరి ఉబ్బుగా నిలిచింది. నికల్స్ ఈ దృశ్యానికి సిద్ధపడని మనిషి కాడు. ధమని లోపలి పొరలు పగిలినా బయటి పొర నిలబడగలదని 1728లోనే ప్రయోగంతో చూపించాడు. కాబట్టి రాజు ధమనిలో ఏం జరిగిందో ఆయన చక్కగా వర్ణించగలిగాడు. అయితే అది ఎందుకు జరిగిందో తేల్చడానికి ఆయన దగ్గర దారి లేదు. శవంలో గోడ మిగులుతుంది గానీ పోటు మిగలదు. ఆ ఉదయం రాజు రక్తం ఎంత బలంగా గోడను తోసిందో కత్తీ కన్నూ చెప్పలేవు. తర్వాతి నూటయాభై ఏళ్ల పరిశోధన అంతా శవపరీక్ష గదిలోనే నడిచింది కాబట్టి, ఆ పరిశోధన గోడవైపే మొగ్గడం సహజం.

పంతొమ్మిదో శతాబ్దం ఈ రోగాన్ని ఓపికగా వర్ణించింది. 1802లో జెనీవా శస్త్రవైద్యుడు మోన్వార్, రక్తం ధమని పొరలను విడదీస్తూ పోయే తీరును వివరించాడు. స్టెతస్కోపు కనిపెట్టిన లినెక్ 1819లో ఈ రోగానికి నేటికీ వాడుతున్న పేరు పెట్టాడు. 1822లో డబ్లిన్‌కు చెందిన షెకెల్టన్, పొరల్లోకి దూరిన రక్తం మరోచోట మళ్లీ అసలు దారిలోకి చీల్చుకుని వచ్చిన ధమనులను చూపించాడు. అంటే చీలిక పడ్డ మనిషి అరుదుగానైనా బతికి కొంతకాలం నడవగలడన్నమాట. లండన్ వైద్యుడు థామస్ బెవిల్ పీకాక్ మరో అడుగు వేశాడు. ఆయన 1843 నుంచి కేసులు పోగుచేస్తూ 1863 నాటికి 80 కేసుల వివరాలు ప్రకటించాడు. శవాల బృహద్ధమని గోడల్లోకి నీళ్లు ఎక్కించి, మధ్యపొర ఎంత సులువుగా రెండుగా విడిపోతుందో పరీక్షించాడు. ఇది వర్ణన నుంచి ప్రయోగానికి జరిగిన ముఖ్యమైన మార్పు. అయినా కారణం దగ్గరికి వచ్చేసరికి ఆ కాలం తనకు తెలిసిన రోగాల్లోనే వెతుక్కుంది. ఛాతీలో ఉబ్బే అన్యూరిజాలకు సిఫిలిస్ పెద్ద కారణం కాబట్టి చీలికకు కూడా అదే కారణమని చాలామంది అనుకున్నారు. తర్వాత కేసులు పెరిగేకొద్దీ ఆ ఊహ నిలవలేదు. సిఫిలిస్ ధమనిని గట్టి మచ్చలతో బిగిస్తుంది. మచ్చ కట్టిన గోడ ఉబ్బవచ్చు గానీ, పొరలుగా విడిపోవడానికి అంత తేలిగ్గా లొంగదు.

ఇరవయ్యో శతాబ్దంలో సూక్ష్మదర్శిని రాజ్యమేలింది. 1920లో జర్మన్ వైద్యుడు క్రూకెన్‌బెర్గ్ ఒక కొత్త మాట చెప్పాడు. పెద్ద ధమని గోడకు ఆహారం అందించే సన్నటి రక్తనాళాలు గోడలోనే చిట్లుతాయనీ, లోపొర చిరగకుండానే చీలిక మొదలు కావచ్చనీ ఆయన వాదం. వియన్నా పాథాలజిస్టు యాకొబ్ ఎర్డ్‌హైమ్ 1929, 1930లలో రాసిన వ్యాసాలు ఇంకా పెద్ద ప్రభావం చూపాయి. చీలిన ధమనుల మధ్యపొరలో నారలు తెగి, కణాలు నశించి, ఆ ఖాళీల్లో జిగురు పదార్థం చేరి ఉండడం ఆయన చూశాడు. దానికి ఆయన పెట్టిన పేరు తర్వాతి అర్ధశతాబ్దం పాఠ్యపుస్తకాలను ఏలింది. మధ్యపొర కుళ్లింది కాబట్టి ధమని చీలింది అన్నది అందరికీ తృప్తినిచ్చిన జవాబు. కానీ 1977లో ష్లాట్‌మన్, బెకర్ అనే పరిశోధకులు చీలిక లేని మామూలు మనుషుల బృహద్ధమనులను పరీక్షిస్తే, వయసు పెరిగేకొద్దీ అవే మార్పులు వాటిలోనూ కనిపించాయి. ఎర్డ్‌హైమ్ చూసింది నిజమే. ఆ మార్పులు రోగానికి మాత్రమే సొంతమైన గుర్తులు కావు. చాలావరకు అవి గుండె జీవితాంతం కొట్టిన దెబ్బలకు గోడ అరిగి, తనను తాను మరమ్మతు చేసుకున్న ఆనవాళ్లు. చీలిన ధమనులను మాత్రమే చూస్తే దోషం గోడదే అనిపిస్తుంది. చీలనివాటిని కూడా పక్కన పెట్టి చూస్తే గానీ ఆ దోషం ఒక్కటే చాలదని అర్థం కాదు.

అలాగని గోడ సిద్ధాంతాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. దాన్ని బలంగా నిలబెట్టిన సాక్ష్యం ఎవరూ ఊహించని చోట నుంచి వచ్చింది. పుట్టుకతో వంకర తిరిగిన పాదాలను పిండికట్లతో సరిచేసే పద్ధతి వల్ల మన ఆసుపత్రుల్లో కూడా పేరు వినబడే ఇగ్నాసియో పొన్సెటి, 1952లో బైర్డ్‌తో కలిసి ఒక ప్రయోగాన్ని ప్రకటించాడు. స్వీట్‌పీ అనే పూలమొక్క గింజలు తిన్న ఎలుకలకు వెన్నెముక వంకరపోయింది, బృహద్ధమని పొరలు చీలాయి. గింజలోని విషం ఎలాస్టిన్, కొల్లాజెన్ నారలను ఒకదానికొకటి ముడివేసే ఎంజైమును ఆపేస్తుందని తర్వాత తేలింది. ఆ ఎంజైము పనిచేయాలంటే రాగి కావాలి. 1960లలో రాగి లేని మేత తిన్న పందుల బృహద్ధమనులు పగిలిపోవడం అదే విషయాన్ని మరో దారిలో రుజువు చేసింది. ఇక్కడ మన పాఠకులకు ఒక తేడా చెప్పాలి. మన దేశంలో నిషేధానికి గురైన కేసరి పప్పు ఈ మొక్కకు దగ్గర చుట్టమే అయినా దాని విషం వేరు. 1964లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ వేరుచేసి చూపిన ఆ పదార్థం నరాలను దెబ్బతీసి కాళ్లను పడేస్తుంది, ధమనిని చీల్చదు. ఎలుకల ప్రయోగం చెప్పిన పాఠం మాత్రం సూటిగా ఉంది. నారల మధ్య ముడులు ఊడిపోతే ధమని మామూలు పోటునే ఓర్చుకోలేదు.

పుట్టుకతో వచ్చే బలహీనత కథ కూడా ఇదే కాలంలో వెలుగులోకి వచ్చింది. మార్ఫాన్ వర్ణించిన శరీర లక్షణాలున్న మనుషుల్లో బృహద్ధమని చీలుతోందని 1943లో అమెరికాలో వేర్వేరు వైద్యులు గుర్తించారు. 1950లలో బాల్టిమోర్‌కు చెందిన విక్టర్ మెక్యూసిక్ దీన్ని వంశపారంపర్యంగా వచ్చే బంధక కణజాల రోగాల వరుసలో చేర్చాడు. 1986లో లిన్ సకాయ్ ఫిబ్రిలిన్ అనే ప్రోటీన్‌ను కనుగొంది. మార్ఫాన్ రోగులలో ఆ ప్రోటీన్ జన్యువే చెడిందని 1991లో రుజువైంది. అదే 1986 జనవరిలో అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ జపాన్‌లో మ్యాచ్ మధ్యలో కూలి చనిపోయింది. 1984 ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన జట్టు మనిషి ఆమె. ఎత్తు ఆరడుగుల అయిదంగుళాలు. శవపరీక్షలో మార్ఫాన్ రోగం, చీలిన బృహద్ధమని బయటపడ్డాయి. ఆ తర్వాత పరీక్షిస్తే ఆమె సోదరుడికీ అదే రోగం ఉందని తెలిసి, సమయానికి శస్త్రచికిత్స చేశారు. ఒక్క చావును సరిగా చదివితే కుటుంబంలో మరో ప్రాణం దక్కుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. 2005లో ఇదే తరహాకు చెందిన లోయిస్-డీట్జ్ రోగం, 2007లో మృదు కండర కణాల పట్టుకు సంబంధించిన ఏసీటీఏ2 జన్యువు తోడయ్యాయి. గోడ కేవలం నారల కట్ట కాదనీ, తన మీద పడే బలాన్ని తెలుసుకుని సర్దుకునే సజీవ కణజాలమనీ ఈ జన్యువులు చెప్పాయి.

పోటు సగం ఇంత కాలం ఎక్కడుంది? రివా-రొచ్చి సాధనం, 1905లో కొరొట్కొఫ్ చూపిన వినికిడి పద్ధతి వచ్చాక, చీలిక రోగుల్లో ఎక్కువమందికి ఏళ్ల తరబడి రక్తపోటు ఎక్కువగా ఉండేదని తెలుస్తూ వచ్చింది. కానీ చికిత్సలో పైచేయి కత్తిదే. 1954లో హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ బృహద్ధమని చీలికను విజయవంతంగా మరమ్మతు చేయడంతో దృష్టంతా ఆపరేషన్ మీదికి పోయింది. పోటును మళ్లీ ముందుకు తెచ్చినవాడు ఫ్లోరిడా శస్త్రవైద్యుడు మైరన్ వీట్. అమెరికాలో టర్కీ కోళ్లు బృహద్ధమని పగిలి చస్తుంటే, దాణాలో రిసర్పిన్ కలిపినప్పుడు చావులు తగ్గాయి. ఆ మందు మన దేశపు సర్పగంధ వేరు నుంచి వచ్చినది. రక్తపోటుకు సర్పగంధ పనిచేస్తుందని ముంబయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ పత్రికలో రాసి ప్రపంచానికి చాటాడు. కోళ్ల అనుభవం ఆధారంగా 1965లో వీట్, ఆపరేషన్ లేకుండా రక్తపోటునూ గుండె దెబ్బ తీవ్రతనూ మందులతో తగ్గించి చీలిక రోగులను కాపాడవచ్చని చూపించాడు. 1970లో ఆయన సహచరులు కుక్కల ధమనులతోనూ ప్లాస్టిక్ గొట్టాలతోనూ చేసిన ప్రయోగాలు కీలకమైన మాట చెప్పాయి. నిలకడగా ఉండే ఒత్తిడి కంటే, ప్రతి దెబ్బకూ ఎగిసిపడే ఒత్తిడే చీలికను ముందుకు తోస్తుంది. శవపరీక్ష గదిలో కనిపించని పోటు ఈ విధంగా మొదటిసారి సాక్షిగా నిలబడింది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. పోటే కారణమైతే ప్రపంచం నిండా ఉన్న బీపీ రోగులందరి ధమనులూ ఎందుకు చీలడం లేదు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పదిహేనేళ్లు దాటిన పురుషుల్లో 24 శాతం, స్త్రీలలో 21 శాతం మందికి రక్తపోటు ఎక్కువ. బృహద్ధమని చీలిక మాత్రం ఏటా లక్షకు కొద్దిమందికే వచ్చే రోగం. ఈ అభ్యంతరం న్యాయమైనదే, కానీ అది కొట్టేసేది పోటు ఒక్కటే కారణమన్న మాటను మాత్రమే. మరోవైపు, చీలిక కేసుల అంతర్జాతీయ నమోదు సంస్థ 2000లో ప్రకటించిన 464 మంది రోగుల్లో 72 శాతం మందికి అధిక రక్తపోటు చరిత్ర ఉంది, మార్ఫాన్ ఉన్నవాళ్లు అయిదు శాతం దగ్గర ఉన్నారు. చెరువు కట్టకు గండి పడితే వరద వల్లనా, ఎండ్రకాయ బొక్క వల్లనా అని ఊళ్లో వాదులాడుకుంటారు. వరద ప్రతి చెరువుకూ వస్తుంది, బొక్కలు ప్రతి కట్టకూ ఉంటాయి. రెండూ ఒకచోట కలిసినప్పుడే గండి. పైగా ఇక్కడ రెండూ విడివిడి విషయాలు కూడా కావు. ఏళ్ల తరబడి పడే అధిక పోటు నారలను తెంపి గోడనే మార్చేస్తుంది. పలచబడి వెడల్పయిన గోడ మీద అదే పోటు ఇంకా ఎక్కువ లాగుడు పుట్టిస్తుంది. వెడల్పు ఒక్కటే కొలమానం కాదనడానికీ ఆధారం ఉంది. అదే సంస్థ 2007లో చూపినట్టు, గుండెకు దగ్గరి భాగం చీలిన వారిలో సగానికి పైగా మందికి ధమని వెడల్పు ఆపరేషన్‌కు హద్దుగా పెట్టుకున్న 5.5 సెంటీమీటర్ల కంటే తక్కువే ఉంది.

ఈ వాదనకు అసలైన పరీక్ష మెదడు ధమనులు. బృహద్ధమని సూత్రం అక్కడ యథాతథంగా పనిచేయదు. పుర్రె లోపలి ధమనులకు బయటి ఎలాస్టిన్ పొర ఉండదు, పై కవచం పలుచన, గోడలోని పోషక నాళాలు చాలా అరుదు. కాబట్టి క్రూకెన్‌బెర్గ్ చెప్పిన మార్గానికి అక్కడ చోటు తక్కువ. గోడ కట్టుబడి వేరు కాబట్టి రోగం నడక కూడా వేరు. రక్తం లోపొర కిందే ఆగితే దారి మూసుకుపోయి పక్షవాతం వస్తుంది. పై కవచం దాకా చీలితే మెదడు చుట్టూ రక్తస్రావం అవుతుంది. మెడలోని ధమనులు ఈ రెంటికీ మధ్యస్థం. అక్కడ పోటుతో పాటు మెలిక కూడా బలమవుతుంది. వెర్టిబ్రల్ ధమని మెడ పై పూసల చుట్టూ వంపు తిరిగి పుర్రెలోకి వెళ్తుంది కాబట్టి, తల తిరిగిన ప్రతిసారీ అది సాగుతుంది. 1978లో బోస్టన్ వైద్యుడు మిల్లర్ ఫిషర్, ఆయన సహచరులు యాంజియోగ్రామ్‌ల ఆధారంగా ఈ చీలికలను బతికి ఉన్న రోగుల్లోనే గుర్తించే మార్గం చూపారు. అప్పటినుంచి తెలిసిందేమంటే నడివయసులోపు వారికి వచ్చే పక్షవాతానికి ఇది ముఖ్య కారణాల్లో ఒకటి. ఐరోపాలో మెడ భాగపు చీలికలు ఎక్కువగా కనిపిస్తే, జపాన్‌లోనూ తూర్పు ఆసియాలోనూ పుర్రె లోపలి వెర్టిబ్రల్ ధమని చీలిక ఎక్కువ. 2015లో బయటపడ్డ మరో సంగతి ఆలోచింపజేసేది. పీహెచ్ఏసీటీఆర్1 జన్యువులోని ఒక మార్పు మెడ ధమని చీలికనూ మైగ్రేన్‌నూ తగ్గిస్తూ, గుండెపోటు ముప్పును మాత్రం పెంచుతుంది. అన్ని ధమనులకూ ఒకే గోడ మంచిది కాదన్నమాట.

మెడ దగ్గరికి వచ్చాక మన సెలూన్ల అలవాటును తప్పించుకోలేం. క్షవరం అయ్యాక తల మర్దన చేసి, గడ్డం ఒక చేత్తో, నడినెత్తి మరో చేత్తో పట్టుకుని మెడను ఠక్కుమనేలా విరవడం తెలుగు ఊళ్లలో తరాలుగా ఉన్న ఆచారం. అమెరికాలో వెన్నుపూసలు సర్దే కైరోప్రాక్టిక్ చికిత్స తర్వాత మెదడు దెబ్బతిన్న కేసులు 1947లోనే వైద్యపత్రికకు ఎక్కాయి. జుట్టు కడిగేటప్పుడు మెడను బేసిన్ అంచు మీద వెనక్కి వంచడం వల్ల వచ్చిన పక్షవాతాలకు 1993లో న్యూయార్క్ వైద్యుడొకరు బ్యూటీపార్లర్ స్ట్రోక్ అని పేరు పెట్టాడు. 2022లో హైదరాబాద్‌లో కూడా సెలూన్‌లో తల కడిగించుకున్న తర్వాత ఒక మహిళకు స్ట్రోక్ వచ్చిన సంగతి పత్రికల్లో వచ్చింది. మెడ వంగినప్పుడు ధమని నొక్కుకుపోయి ఉండవచ్చని వైద్యులు భావించారు. దీనికి శాస్త్రీయమైన అభ్యంతరం ఒకటుంది. 2008లో కెనడాలోని ఆంటారియోలో జరిగిన అధ్యయనంలో, స్ట్రోక్‌కు ముందు కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లతో పాటు మామూలు వైద్యుడి దగ్గరికి వెళ్లినవాళ్లు కూడా అధికంగా ఉన్నారు. అంటే చాలామందికి చీలిక ముందే మొదలై, ఆ మెడ నొప్పితోనే వాళ్లు సాయం వెతుక్కుంటూ వెళ్లి ఉండవచ్చు. ఈ మాట సమంజసం. అయితే అది మెడ విరుపును నిర్దోషిగా తేల్చదు. చీలిక మొదలైన ధమనిని గట్టిగా మెలితిప్పితే ఆ చీలిక పెరగడానికే అవకాశం ఎక్కువ. అందులో వచ్చే లాభం క్షణకాలపు హాయి, నష్టం ఒక జీవితం. ముప్పు అరుదైనదైనా ఈ బేరం కుదరదు.

మరో అభ్యంతరం ఆలోచనాపరులు లేవనెత్తేది. రెండూ కారణమే అనడం ఎటూ తేల్చకుండా తప్పించుకోవడం కాదా? అలా అయితే ఈ సిద్ధాంతం ఏ పనికీ రాకూడదు. కానీ అది పనికొచ్చింది. గోడ లోపం పుట్టుకతో ఉన్న మార్ఫాన్ రోగుల్లో పోటును తగ్గిస్తే ఏమవుతుందని 1994లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు ప్రొప్రానొలోల్ అనే మందుతో పరీక్షించారు. బృహద్ధమని మొదలు వెడల్పు కావడం నెమ్మదించింది. గోడను మార్చలేకపోయినా దాని మీద పడే బలాన్ని తగ్గించి గోడ ఆయుష్షు పెంచవచ్చని అది చూపింది. మందులు, బృహద్ధమని మొదలును మార్చేందుకు 1968లో బెంటాల్ అనే శస్త్రవైద్యుడు చూపిన ఆపరేషన్, ఎకో పరీక్షలతో క్రమం తప్పని పర్యవేక్షణ కలిసిన ఫలితం ఇలా ఉంది: 1972 నాటి లెక్కలో మార్ఫాన్ రోగులు సగటున 32 ఏళ్లకే చనిపోగా, 1990ల నాటికి వారిలో సగం మంది డెబ్బై దాటి బతకగలరని అంచనా కుదిరింది. ఈ చట్రం కొత్త ప్రమాదాలను గుర్తించడానికీ ఉపయోగపడింది. సిప్రోఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్‌లు వాడినవారిలో బృహద్ధమని చీలిక ముప్పు పెరగవచ్చని 2018 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అవి కొల్లాజెన్‌ను బలహీనపరుస్తాయని అనుమానం. కాబట్టి బీపీ ఎక్కువున్నవారు, ధమని ఉబ్బు ఉన్నవారు, వృద్ధులు మరో మందు ఉన్నప్పుడు వీటిని మానుకోవాలని సూచించింది. మన ఊళ్లలో మందుల దుకాణంలో అడగగానే చేతికి వచ్చే మాత్రలు ఇవి. గర్భధారణ, కొకైన్, ఊపిరి బిగబట్టి మితిమీరిన బరువులెత్తడం కూడా గోడ, పోటు అనే ఈ రెండు తలుపుల్లో దేనిగుండానో, లేక రెండిటిగుండానో వచ్చేవే.

ఈ చరిత్రలో గర్వపడే ఘట్టాలతో పాటు జాగ్రత్త నేర్పే ఘట్టాలూ ఉన్నాయి. ఈ రోగానికి ఆపరేషన్ కనిపెట్టిన డిబేకీకే 2005 డిసెంబరు 31న, 97 ఏళ్ల వయసులో బృహద్ధమని చీలింది. మొదట ఆయన దాన్ని గుండెపోటు అనుకున్నాడు. 2006 ఫిబ్రవరిలో తాను రూపొందించిన పద్ధతిలోనే ఆపరేషన్ జరిగి బతికి, 2008లో కన్నుమూశాడు. ఆ పద్ధతిని సృష్టించినవాడికే నొప్పి మొదటి క్షణంలో అంతుపట్టకపోతే, రాత్రిపూట ఒక చిన్న ఆసుపత్రికి చేరిన రైతు విషయంలో అది గుండెపోటుగానో గ్యాస్ నొప్పిగానో పొరబడడం ఎంత సులువో ఊహించవచ్చు. ఆ పొరపాటు ప్రాణాంతకం. గుండెపోటుకు ఇచ్చే రక్తం పలచన చేసే మందులు చీలిక రోగిలో రక్తస్రావాన్ని పెంచగలవు. అందుకే ఛాతీలోనో వీపులోనో ఒక్కసారిగా చీల్చినట్టు నొప్పి వస్తే, ముఖ్యంగా రెండు చేతుల్లో బీపీ తేడాగా ఉంటే, సీటీ యాంజియోగ్రామ్ గురించి వైద్యుణ్ని అడగాలి. మెడలో ఎన్నడూ లేని నొప్పితో పాటు మాట తడబడినా, చూపు మసకబారినా, నడక తూలినా ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రికి చేరాలి.

రెండున్నర శతాబ్దాల అన్వేషణ మనకిచ్చిన తీర్పు ఇది. పుట్టుకతో వచ్చిన గోడను ఎవరూ ఎంచుకోలేరు, దాని మీద పడే పోటును మాత్రం చాలావరకు అదుపు చేసుకోగలరు. నలభై దాటిన ప్రతి ఒక్కరూ ఏటా ఒకసారైనా బీపీ చూపించుకోవాలి, మందు మొదలైతే ఒంట్లో బాగుందని మానేయకూడదు. కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో కారణం తెలియకుండా హఠాత్తుగా చనిపోయి ఉంటే, మిగిలినవారు ఒకసారి ఎకో పరీక్ష చేయించుకోవాలి. సెలూన్‌లో కూర్చున్నప్పుడు మెడ విరవవద్దని ముందే చెప్పాలి. ఈ నాలుగు పనులకూ పెద్ద ఖర్చు లేదు, వాయిదా వేయడానికి కారణమూ లేదు.